జింప్‌లో వృత్తం బంతిలా కనిపించాలంటే

ముందు ఒక తెల్ల బంతిని ఎర్ర అట్ట ఉన్న పుస్తకం మీద, కిటికీ పక్కన పెట్టి చూడండి. గోళం గీసే ప్రతిసారీ నేను ఇప్పటికీ ఈ పని చేస్తాను. కిటికీ వైపు పైభాగంలో చిన్న మెరుపు ఉంటుంది. అక్కడి నుంచి కిందికి వచ్చేకొద్దీ రంగు మసకబారుతుంది. అన్నిటికన్నా చీకటిగా ఉండేది అంచు అనుకుంటాం, కానీ కాదు, అంచుకు కాస్త ఇవతల. అంచు దగ్గర అట్ట ఎరుపు బంతి అడుగున పడి, సన్నటి చారలా కనిపిస్తుంది. ఆ చార లేకపోతే బొమ్మ చొక్కా బొత్తంలా ఉంటుంది తప్ప బంతిలా ఉండదు.

ఇక జింప్ తెరవండి, ఇది బొమ్మలు గీసుకునే, ఫోటోలు దిద్దుకునే ఉచిత సాఫ్ట్‌వేర్. ఫోటోషాప్ అయినా పద్ధతి ఇదే, మెనూల పేర్లు కొంచెం మారతాయి. 800 పిక్సెళ్ల చదరం తీసుకుని లేత బూడిద రంగు నింపండి. దాని మీద ట్రాన్స్‌పరెంట్ లేయర్ (రంగు లేని పారదర్శక పొర) పెట్టి, ఎలిప్స్ సెలెక్ట్‌తో 400 పిక్సెళ్ల వృత్తం గీయండి. మౌస్ లాగడం మొదలుపెట్టాకే షిఫ్ట్ నొక్కాలి, అప్పుడే సరైన గుండ్రం వస్తుంది.

ఫోర్‌గ్రౌండ్‌కు లేత నారింజ, బ్యాక్‌గ్రౌండ్‌కు ముదురు గోధుమ ఎంచుకోండి. నలుపు మాత్రం వద్దు, రంగు చచ్చిపోతుంది. ఒక రంగును మెల్లగా ఇంకో రంగులోకి మార్చే గ్రేడియంట్ టూల్‌లో రేడియల్ (ఒక చోటు నుంచి చుట్టూ వ్యాపించే రకం) పెట్టండి. నడిమధ్య నుంచి లాగకండి. మధ్య నుంచి 80 పిక్సెళ్లు ఎడమకు, 80 పైకి జరిగి అక్కడ మొదలుపెట్టి, కుడి కింది అంచుకు 20 పిక్సెళ్ల ఇవతల వదలండి. ఎంటర్ కొట్టేదాకా రెండు కొసలనూ జరుపుకోవచ్చు, తొందరపడకండి.

సెలెక్షన్ (మనం గీసిన వృత్తపు హద్దు) అలాగే ఉంచి ఇంకో లేయర్ తీసుకోండి. మెత్తటి బ్రష్, ఒపాసిటీ (రంగు ఎంత గట్టిగా పడాలో చెప్పేది) 20, నేల రంగు, అంటే ముందు నింపిన లేత బూడిద. బ్రష్ సగం బయట ఉండేలా కుడి కింది అంచు వెంట ఒక్కసారి పోనివ్వండి. పుస్తకం మీద మనం చూసిన ఎర్ర చారకు ఇక్కడ బదులు ఇదే. ఇది వెలుతురు పడే వైపు కంటే ఎప్పుడూ మసకగానే ఉండాలి.

మెరుపు కోసం కొత్త లేయర్ మీద 60 × 40 తెల్ల ఎలిప్స్ నింపి, సెలెక్షన్ తీసేసి, గాసియన్ బ్లర్ (అంచులను మసకగా చేసే ఫిల్టర్) 10 ఇవ్వండి. సెలెక్షన్ తీయడం మర్చిపోవద్దు. ఒకసారి నా బొమ్మలో నీడ చుట్టూ కత్తితో కోసినట్టు గీత వచ్చింది. బ్లర్ ఎంత పెంచినా పోదు, ఒకటే టెన్షన్. చివరికి చూస్తే సెలెక్షన్ అలాగే ఉంది, బ్లర్ దాన్ని దాటి బయటికి రావడం లేదు.

నీడకు బంతి లేయర్ కింద రెండు లేయర్లు కావాలి. మొదటిది కాస్త కుడికి జరిగిన 380 × 80 ఎలిప్స్, ముదురు గోధుమ, బ్లర్ 25, ఒపాసిటీ 50. రెండోది సరిగ్గా బంతి నేలను తాకే చోట 140 × 18, బ్లర్ 5, ఒపాసిటీ 80.

ఇప్పుడు ఆ చిన్న నీడ లేయర్ పక్కన కన్ను గుర్తు నొక్కి దాన్ని దాచండి. బంతి గాల్లోకి లేస్తుంది. మళ్లీ నొక్కండి, నేల మీద కూర్చుంటుంది.