ఇంట్లో సోదా అయిందా? రికార్డు కాపీకి, పట్టుకెళ్లిన వస్తువులకు దరఖాస్తు ఇలా పెట్టుకోండి

పోలీసులు వచ్చి బీరువా తీయించి, పరుపులు తిరగేసి, ఫోనూ బండీ పట్టుకుపోయాక మనోళ్లు మొట్టమొదట చేసే పని తెలిసిన లీడర్‌కు ఫోన్ కొట్టడం. ఆయన ఎత్తకపోతే ఇక టెన్షన్. తెల్లకాగితం మీద నాలుగు లైన్లు రాసి కోర్టులో ఇస్తే, అసలు ఆ సోదా ఏ కారణంతో చేశారో రాసుకున్న రికార్డు కాపీ పైసా ఖర్చు లేకుండా ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఈ ముక్క కిందటేడు హనుమకొండలో మా బామ్మర్ది ఉండే కిరాయి రూములో సోదా అయ్యేదాకా నాకూ తెలియదు. బైకుల దొంగతనం అనుమానం వాడి రూమ్మేట్ మీద, పోయింది మాత్రం వీడి ఫోను, వీడి బండి.

ముందు రూల్స్ సంగతి. 2024 జులై 1 నుంచి క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది. కోర్టు వారంట్‌తో చేసే సోదాకు సెక్షన్ 96, వారంట్ లేకుండా చేసేదానికి సెక్షన్ 185. కాబట్టి గుమ్మంలో నిలబడి "వారంట్ ఏది సార్" అని అడ్డం పడితే లాభం లేదు, పైగా విధులకు ఆటంకం అని ఇంకో కేసు మీద పడొచ్చు. వారంట్ లేకుండా రావాలంటే స్టేషన్ ఆఫీసరో, కేసు దర్యాప్తు చేసే ఆఫీసరో అయ్యుండాలి, ఫలానా వస్తువు అక్కడ ఉందని నమ్మడానికి కారణం ఏంటో, వెతికేది ఏంటో ముందే కేసు డైరీలో రాసుకోవాలి. తను రాలేక కింది ఆఫీసర్‌ను పంపితే, ఏ ఇల్లు, ఏ వస్తువు అని రాతపూర్వకంగా ఆర్డర్ ఇచ్చి పంపాలి. సోదా మొత్తం వీడియో తీయాలి, సెల్‌ఫోన్‌తో తీసినా సరిపోతుంది, ఇది కొత్త చట్టంలో చేర్చిందే (సెక్షన్ 105). ఆడవాళ్లను తనిఖీ చేయాల్సి వస్తే ఇంకో ఆడమనిషే చేయాలి, అదీ మర్యాదగా.

ఇక సెక్షన్ 103, దీని దగ్గర కాస్త ఆగాలి. సోదాకు ముందు ఆ చుట్టుపక్కల ఉండే, కేసుతో సంబంధం లేని ఇద్దరు మనుషుల్ని పంచులుగా, అంటే సాక్షులుగా పిలవాలి. దొరికిన ప్రతి వస్తువునూ, ఎక్కడ దొరికిందో సహా, లిస్టు రాసి వాళ్లతో సంతకం పెట్టించాలి. ఇంట్లోవాళ్లు సోదా అయ్యేదాకా అక్కడే ఉండొచ్చు, ఆ లిస్టు కాపీ వాళ్ల చేతికి ఇవ్వాలి. మా వాడి లిస్టులో ఏముందో తెలుసా? "నలుపు రంగు సెల్‌ఫోన్ ఒకటి." అంతే. కంపెనీ లేదు, ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే ఐఎంఈఐ నంబర్ లేదు, స్క్రీన్ మూల పగిలి ఉన్న సంగతి లేదు. రేపు కోర్టులో ఇది నాదే అనాలంటే ఏం చూపించాలి? అందుకే ఫోన్ తీసుకుంటుంటే స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొడితే వచ్చే ఆ ఐఎంఈఐ నంబర్ లిస్టులో రాయమని మర్యాదగా అడగండి. బంగారమైతే తూకం, బండైతే ఇంజిన్, ఛాసిస్ నంబర్లు రాయించుకోండి. ఖాళీ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి, ఎంత తెలిసిన కానిస్టేబుల్ అడిగినా సరే.

మొదటి దరఖాస్తు సోదా రికార్డు కాపీ కోసం. 185 కింద రాసుకున్న ఆ కారణాల కాపీని పోలీసులు వెంటనే, ఆలస్యమైనా 48 గంటల్లోపు, దగ్గర్లోని మేజిస్ట్రేట్‌కు పంపాలి. కాబట్టి సోదా అయిన తెల్లారే పరుగెత్తకుండా రెండ్రోజులు ఆగి వెళ్తే మంచిది. హనుమకొండ, వరంగల్ స్టేషన్ల కేసైతే అదాలత్ దగ్గరి కోర్టుల్లో, నర్సంపేట, పరకాల వైపు కేసైతే అక్కడి కోర్టుల్లో ఏ మేజిస్ట్రేట్ కిందికి ఆ స్టేషన్ వస్తుందో కనుక్కోండి, గేటు దగ్గర ఏ వకీలు గుమాస్తాను అడిగినా చెప్తాడు. క్రైమ్ నంబర్ (ఎఫ్ఐఆర్ నంబర్) తెలియకపోతే తెలంగాణ పోలీస్ వెబ్‌సైట్‌లో ఎఫ్ఐఆర్ వెతుక్కోవచ్చు, లైంగిక దాడుల్లాంటి సున్నితమైన కేసులవి మాత్రం అందులో పెట్టరు. మేం రాసింది దాదాపు ఇదే:

"గౌరవ జ్యుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ గారికి. ఫలానా స్టేషన్, క్రైమ్ నంబర్ ఫలానా. ఫలానా తేదీన, ఫలానా సమయానికి నేను నివసించే ఈ చిరునామాలోని గదిలో పోలీసులు సోదా చేశారు. బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 185(5) ప్రకారం ఆ సోదాకు సంబంధించిన రికార్డు కాపీని నివాసితుడినైన నాకు ఉచితంగా ఇప్పించగలరు."

కింద సంతకం, ఫోన్ నంబర్, వెనక ఆధార్ జిరాక్సు, కిరాయి అగ్రిమెంటు. సొంతిల్లే ఉండాలని లేదు, అందులో ఉంటున్నవాళ్లూ అడగొచ్చు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర వేయించుకోండి, లేదంటే రేపు ఇచ్చావా అంటే ఇచ్చానని చూపించడానికేం ఉండదు.

రెండోది వస్తువుల కోసం. వస్తువు కోర్టు ముందుకు వచ్చి ఉంటే సెక్షన్ 497, పట్టుకున్నట్టు మేజిస్ట్రేట్‌కు రిపోర్టు మాత్రమే వెళ్లి వస్తువు స్టేషన్‌లోనే ఉంటే 503. వకీళ్లు చాలాసార్లు రెండూ కలిపే వేస్తారు. 497లో ఇప్పుడు గడువు కూడా ఉంది: కోర్టు 14 రోజుల్లో వస్తువు వివరాలు రాయించి, ఫొటోనో వీడియోనో తీయించాలి, ఆ తర్వాత 30 రోజుల్లో దాన్ని ఏం చేయాలో ఆర్డర్ ఇవ్వాలి. బండ్లను స్టేషన్ ఆవరణలో ఎండకు వానకు ఏళ్ల తరబడి వదిలేయొద్దని, తగిన బాండు, పూచీ తీసుకుని ఇచ్చేయాలని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది, పిటిషన్‌లో ఈ తీర్పు పేరు రాయించండి.

మేం తప్పు చేసింది ఇక్కడే. బండి నడిపేది బామ్మర్ది కదా అని వాడి పేరు మీద పిటిషన్ వేశాం, ఆర్సీ చూస్తే మా మామ పేరు మీద ఉంది. పిటిషన్ వాపసు వచ్చింది. మామను నర్సంపేట నుంచి పిలిపించి, సంతకం పెట్టించి మళ్లీ వేసేసరికి ఇంకో రెండు వారాలు. బండి ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే అడగాలి. ఆర్సీ, ఇన్సూరెన్స్, ఆధార్, పోలీసుల లిస్టు కాపీ, ఫోన్‌కైతే కొన్న బిల్లో ఐఎంఈఐ ఉన్న డబ్బానో జతచేయాలి. ఆ డబ్బాలు పారేయకండి మరి. కోర్టు ఒకసారి పోలీసుల జవాబు అడుగుతుంది, అభ్యంతరం లేకపోతే బాండు, షూరిటీలు చెప్పి ఆర్డర్ ఇస్తుంది.

గంజాయి, సారా కేసుల్లో పట్టుబడ్డ బండికి దారి వేరు, అది వకీలు లేకుండా సొంతంగా చేయకండి. వకీలుకు ఇచ్చే స్తోమత లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ 15100కు ఫోన్ చేయొచ్చు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.

బాండులో అమ్మకూడదు, మార్చకూడదు, పిలిచినప్పుడు తెచ్చి చూపించాలి అని ఉంటుంది. మా వాడు ఫోన్ చేతికొచ్చిన వారానికే ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ చూసి షాపుకు బయల్దేరాడు. బాండు కాగితం తీసి చదివించాను, కేసు తెగేదాకా ఆ పగిలిన స్క్రీనుతోనే నడుపుకోవాలి.