నడుముకు ప్యాచ్ వేసినా నొప్పి తగ్గలేదా? ఇవి చూసుకోండి

తిరుపతిలో మా మందుల షాపుకు మధ్యాహ్నం పూట వచ్చేవాళ్లలో చాలామంది అలిపిరి మెట్లెక్కి వచ్చినవాళ్లే. 3,550 మెట్లు, పైన క్యూలో నిలబడటం, మళ్లీ బస్సులో ఘాట్ మలుపులు. "అన్నా, నడుముకు అతికించేది ఒకటి ఇవ్వు" అంటారు. ఏది కావాలంటే "ఏదో ఒకటి" అంటారు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ప్యాచ్‌లన్నిటిలో ఉండే మందు ఒకటి కాదు.

"వేయగానే చల్లగా ఉంది, కాసేపటికే మళ్లీ మొదలైంది"

అది మెంథాల్, మిథైల్ సాలిసిలేట్ రకం అయ్యుంటుంది. చర్మం మీద చలువో వేడో పుట్టించి నొప్పి తెలియకుండా చేయడం దాని ప్రధానమైన పని. మామూలు అలసటకు అది చాలు. బరువెత్తినప్పుడో మెట్లు దిగేటప్పుడో కండరం పట్టేసి, ఒకే చోట నొక్కితే నొప్పి పుడుతుంటే డైక్లోఫెనాక్ ప్యాచ్ అడగండి. ఇది వాపును తగ్గిస్తుంది, కాకపోతే పనిచేయడానికి కొన్ని గంటలు పడుతుంది. అరగంటకే తీసేసి ఇంకొకటి వేయకండి. పెట్టె వెనక చిన్న అక్షరాల్లో మందు పేరు, ఎన్ని గంటలు ఉంచాలో ఉంటుంది, కొనే ముందే చదవండి.

"చెమటకు ఊడిపోతోంది"

నూనె, పౌడర్, బామ్ ఏదున్నా అతుక్కోదు. సబ్బుతో కడిగి, బాగా తుడిచి, చెమట ఆరాక కొంచెం ముందుకు వంగి వేయించుకోండి. నిటారుగా నిలబడి వేస్తే వంగినప్పుడల్లా అంచులు లేస్తాయి. అరచేత్తో అర నిమిషం అదిమి పట్టాలి.

"మండుతోంది, ఎర్రగా కమిలింది"

నాకు ఎక్కువ భయం దీని గురించే. ఒక పెద్దావిడ ప్యాచ్ వేసుకుని, దాని మీద వేడినీళ్ల సంచి పెట్టుకుని పడుకుంది. పొద్దున చూస్తే నడుము మీద ప్యాచ్ సైజులోనే నలుచదరంగా ఎర్రటి మచ్చ, ఒక మూల చిన్న బొబ్బలు. వేడి తగిలితే మందు చర్మంలోకి మరీ ఎక్కువగా దిగుతుంది. పైన బెల్టు బిగించినా, కింద బామ్ రాసినా ప్రమాదమే. ఇలాంటి పూతమందులు, ప్యాచ్‌లతో చర్మం కాలిన ఘటనలు వచ్చాయని అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2012లోనే హెచ్చరించింది.

మంట ఎక్కువైతే వెంటనే తీసేసి చన్నీళ్లతో కడగండి. బొబ్బలొస్తే డాక్టరుకు చూపించండి, మానేదాకా అక్కడ ఏదీ అతికించొద్దు. క్యాప్సైసిన్ రకం అంటే మిరపకాయ ఘాటే. దాన్ని ముట్టుకున్న చేత్తో కళ్లు తుడుచుకోకండి, తీసిన వెంటనే వేడినీళ్ల స్నానం చేయకండి. తీసిన ప్యాచ్‌ను జిగురు లోపలికి మడిచి, పిల్లలకు అందకుండా పారేయండి.

"నడుము నుంచి పిక్క దాకా లాగుతోంది"

ఇది చాలాసార్లు వెన్నులో నరం నొక్కుకోవడం వల్ల వస్తుంది. అంత లోతుకు ప్యాచ్ అందదు. డాక్టరును కలవండి. ఆయన లిడోకెయిన్ (చర్మానికి తిమ్మిరెక్కించే మందు) ప్యాచ్ రాసిస్తే సాధారణంగా రోజులో 12 గంటలు ఉంచి, 12 గంటలు తీసేయమంటారు.

ఇంకో మాట. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు, ఆస్పిరిన్ పడనివాళ్లు, కడుపులో పుండు, కిడ్నీ సమస్య, ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. ఒకపక్క నొప్పి మాత్రలు మింగుతూ ఇంకోపక్క డైక్లోఫెనాక్ ప్యాచ్ వేస్తే ఒకే రకం మందు రెండు దారుల్లో ఒంట్లోకి పోతుంది.

మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాళ్లు పట్టు తప్పుతున్నా, కిందపడ్డాక నొప్పి మొదలైనా, నొప్పితో పాటు జ్వరమున్నా ప్యాచ్ కోసం షాపుకు రావద్దు. ఆటో ఎక్కి నేరుగా రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో వెళ్లండి.