బొంత కుడుతుంటే మిషన్ మొరాయిస్తే

పాత కాటన్ చీరలు నాలుగు పొరలు పరిచి బొంత కుట్టబోతే, జాకెట్లు కుట్టినన్నాళ్ళూ బుద్ధిగా నడిచిన మిషన్ కూడా పేచీ పెడుతుంది. వెంటనే అందరి చెయ్యీ దారం బిగువు మార్చే టెన్షన్ స్క్రూ మీదికే పోతుంది. నిజానికి అది ఆఖరున ముట్టుకోవాల్సింది. ముందు పైదారం మొత్తం తీసి మళ్ళీ ఎక్కించండి. కుదరకపోతే సూది మార్చండి. అప్పుడు అడుగుదారం చుట్టి ఉండే బాబిన్ సంగతి చూడండి. సగం తగాదాలు అక్కడికే తీరిపోతాయి. ఇక్కడ రాసింది కాలితో తొక్కే నల్ల మిషన్ గురించి. మోటారు పెట్టుకున్నా చాలావరకు ఇంతే.

అడుగున దారం ఉండలు కట్టింది

పైన కుట్టు చక్కగా ఉంటుంది, తిప్పి చూస్తే అడుగున దారం గుబురుగా పేరుకుని ఉంటుంది. గజిబిజి కింద ఉంది కదా అని బాబిన్‌ని తిడతాం. తప్పు పైదారానిది. బాబిన్ చుట్టూ ఆడే షటిల్ కిందికి లాక్కున్న దారాన్ని తిరిగి పైకి బిగించే పట్టు లేకపోతే అదంతా అడుగునే ఉండిపోతుంది. పట్టు ఎందుకు పోతుందంటే, గుడ్డని నొక్కిపట్టే ఫుట్ దించి ఉంచి దారం ఎక్కించడం వల్ల. ఫుట్ దిగి ఉంటే పైదారాన్ని నొక్కే టెన్షన్ బిళ్ళలు రెండూ బిగుసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకి దిగకుండా పైపైనే ఉండిపోతుంది. పైకీ కిందికీ ఆడే కొక్కెంలోంచి దారం జారిపోయినా ఇదే గతి. బొంత మందంగా ఉండేసరికి ఫుట్ దించామో లేదో కూడా తెలియదు, అదీ ఒకసారి చూసుకోండి.

ఇరుక్కున్న గుడ్డని బలంగా లాగొద్దు, సూది వంగుతుంది. చక్రాన్ని చేత్తో మీవైపు తిప్పి సూదిని పైకి తెచ్చి, ఫుట్ ఎత్తి, గుడ్డ అడుగున బ్లేడు పెట్టి దారాలు కోసేయండి. బాబిన్ కేసు బయటికి తీసి షటిల్ చుట్టూ మిగిలిన పోగుల్ని పట్టకారుతో లాగేయండి. ఫుట్ ఎత్తే ఉంచి మొదటి నుంచీ దారం ఎక్కించండి. సరిగ్గా పడిందో లేదో తెలియాలంటే దారం కొస పట్టుకుని లాగి చూడండి: ఫుట్ ఎత్తి ఉంటే తేలిగ్గా రావాలి, దించగానే బిగియాలి. బిగియలేదంటే అది బిళ్ళల మధ్య లేదన్నమాటే. కుట్టు మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసల్నీ వెనక్కి పట్టుకుని నాలుగు కుట్లు పడ్డాక వదలండి.

కుట్టు దాటేస్తోంది, దారం పుటుక్కున తెగుతోంది

సూది చూడండి. జాకెట్‌కి పెట్టిన 11 నంబరు సూది నాలుగు పొరల్లో దిగేసరికి కాస్త వంగుతుంది, షటిల్ మొనకి దారం అందదు, కుట్టు తప్పుతుంది. బొంతకి 16 నంబరు పెట్టండి, అతుకులు మరీ దళసరిగా ఉంటే 18. పైకంటా దూర్చి బిగించాలి. సూదికి పొడుగు గాడి ఏ వైపు ఉందో ఆ వైపు నుంచే దారం ఎక్కించాలి, చదును వైపు నుంచి కాదు. మొనని గోటి మీద మెల్లగా జార్చండి. గీసుకుంటే ఆ సూది పారేయాల్సిందే. జరీ అంచు మీద కుడితే సూది తొందరగా మొద్దుబారుతుంది కాబట్టి అంచులు ముందే కోసేయడం మేలు.

పెట్టెలో ఏళ్ళ తరబడి పడున్న రీలైతే దారం జానెడు లాగి తెంపి చూడండి. ఊరికే తెగితే సూది తప్పేం లేదు. తొక్కుడు తడబడి చక్రం వెనక్కి తిరిగినా దారం తెగుతుంది, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఎక్కువగా జరిగేది ఇదే. దాటిపోయిన కుట్లని విప్పక్కర్లేదు. అంగుళం వెనక నుంచి దాని మీదే మళ్ళీ కుట్టుకుపోండి.

సూది విరిగితే మాత్రం ముక్కలన్నీ దొరికేదాకా లేవకండి. పసిపిల్లల్ని పడుకోబెట్టే బొంత అది. అయస్కాంతం ముక్కతో పొరల మీద అంగుళం అంగుళం వెతకండి. సూదులు విరగడానికి సాధారణ కారణం, బొంత బరువుకి ఓపిక పట్టలేక వెనక నుంచి గుడ్డ లాగడం. బరువంతా ఒళ్ళో కాకుండా పక్కన ఇంకో బల్ల మీద వేసుకోండి.

పొరలు జారి అడుగున ముడతలు పడ్డాయి

బొంతకి అసలు రోగం ఇదే. మిషన్ పళ్ళు అడుగు పొరని ముందుకు తోస్తాయి, పైన ఫుట్ పై పొరని నొక్కి పట్టి ఉంచుతుంది. ఒక్కో వరసలో తేడా కొంచెమే, బొంత చివరికి వచ్చేసరికి పై చీర బెత్తెడు మిగిలిపోతుంది.

మందు మిషన్‌లో లేదు, టాకాల్లో ఉంది. నేల మీద అడుగు చీర ముడత లేకుండా పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టండి. మిగతా పొరలు ఒక్కొక్కటే వేస్తూ నడుమ నుంచి అంచులకి అరచేత్తో సాపు చేయండి. పెద్ద సూదితో, నడుమ నుంచే మొదలుపెట్టి, బెత్తెడు బెత్తెడు ఎడంతో టాకాలు వేయండి. దీనికి సగం పూట పడుతుంది, విసుగే. కానీ ఇది తప్పించుకుంటే తర్వాత విప్పడానికి రెండు పూటలు పడుతుంది. మిషన్ మీద కూడా నడిమి వరస ముందు. వరసలన్నీ ఒకే కొస నుంచి కుట్టండి. ఒకటి ఇటు నుంచి, పక్కది అటు నుంచి అయితే మధ్య గుడ్డ మెలిపడుతుంది. కుట్టు పొడుగ్గా పెట్టండి. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్ది తెగ ఆడవాళ్ళు కవంది అనే ముక్కల బొంతల్ని అంచుల నుంచి నడుమకి కుట్టుకొస్తారు కదా అంటే, అది చేతికుట్టు, ముక్క ముక్కకీ అంచు మడిచి సర్దుకుంటూ పోతారు. మిషన్‌తో ఆ పని కుదరదు.

ముడత పడనే పడిందా? చిన్నవి వదిలేయండి, రెండు ఉతుకుల తర్వాత కనిపించవు. మడత పడి కుట్టుకుపోయినచోట మాత్రం దానికి అటూ ఇటూ నాలుగేసి అంగుళాలు విప్పి, మిగులు గుడ్డని వేళ్ళతో పంచి, చేత్తో కుట్టేయండి. వరస మొత్తం విప్పే పని పెట్టుకోకండి.

ఉతికాక అంచు ముడుచుకుంది, రంగు అంటింది

పాత చీరలు ముడుచుకోవాల్సింది ఎప్పుడో ముడుచుకున్నాయి. కొత్తగా కొన్న అంచు గుడ్డే ఇప్పుడు దగ్గరవుతుంది. దాన్ని రాత్రంతా నానబెట్టి ఆరేశాకే కత్తిరించాలి. ఇప్పటికే కుట్టేసి ఉంటే అంచు ఒక్కటే విప్పి మళ్ళీ వేయాలి. ఎర్ర చీర రంగు దిగి పక్క గుడ్డకి అంటితే ఆరనివ్వకండి. తడిమీదే ఎక్కువ చన్నీళ్ళలో వేసి, నీళ్ళు తేటగా వచ్చేదాకా మారుస్తూ ఉండండి. ఉప్పునీళ్ళలో వేస్తే రంగు నిలుస్తుందంటారు గానీ, అద్దకం అయిపోయిన గుడ్డకి ఉప్పు కొత్తగా రంగు పట్టించదు.

మిషన్ బరువెక్కింది

కొబ్బరినూనె వేశారేమో చూడండి. కొన్నాళ్ళకి అది జిగురై కీళ్ళన్నీ పట్టేస్తుంది. కిరసనాయిలు చుక్కలు వేసి ఊరికే తిప్పి, నల్లటి మడ్డి గుడ్డతో తుడిచి, అప్పుడు మిషన్ నూనె వేయండి. బొంత మీదికి పోయేముందు చింకిగుడ్డ మీద కాసేపు కుట్టండి. అయినా మరక పడితే టాల్కం పౌడరు చల్లి ఉంచి, దులిపి, గిన్నెలు తోమే సబ్బుతో ఉతకండి.

ఇవన్నీ చూశాకే టెన్షన్. అడుగుదారం పైకి చుక్కలుగా కనిపిస్తే పై స్క్రూ వదులు చేయాలి, పైదారం అడుగుకి జారి కనిపిస్తే బిగించాలి. ఒకసారికి పావు తిప్పు చాలు, ప్రతిసారీ అదే మందం గల ముక్క మీద కుట్టి చూడాలి. తొక్కుతుంటే కింది చక్రం తిరిగి పైది ఆగిపోతుంటే ఇవేవీ కావు, తోలు బెల్టు సాగింది. అర అంగుళం కోసి క్లిప్పు మళ్ళీ వేయండి. అంతకంటే కోస్తే తొక్కడానికి బరువవుతుంది.