కాలువ గట్టు మీద సైకిళ్ల గ్రూప్ రైడ్‌కి వెళ్లేముందు
రాత్రే టైర్లలో గాలి, రెండు బ్రేకులూ చూస్కోండి, తెల్లారగట్ల పంక్చర్ షాపు ఎవడూ తియ్యడు. స్పేర్ ట్యూబు, చేతి పంపు, హెల్మెట్, వెనక ఎర్ర లైటు తప్పనిసరి.

రావులపాలెం దగ్గర 16 నంబర్ హైవే ఎక్కేకంటే గట్టు రోడ్డే మేలండి, కాకపోతే చాలాచోట్ల పక్కన గోడ ఉండదు కాబట్టి కబుర్లు చెప్పుకుంటూ పక్కపక్కన తొక్కొద్దు, ఒకరి వెనక ఒకరే. కోతల టైములో రోడ్డు మీదే ధాన్యం ఆరబోసి, రాత్రికి బరకాలు కప్పి అంచుల్లో రాళ్లు పెడతారు, చీకట్లో అస్సలు కనబడవు, ముందున్నోళ్లు "రాయి" అని అరిచి చెయ్యి చూపించాలి, వెనకోళ్లు సడన్ బ్రేకు కొట్టకూడదు. భీమవరం వైపైతే చేపల లారీల నుంచి నీళ్లు కారి మలుపుల్లో జారుద్ది.

కొత్తోళ్లు మొదటిరోజే ధవళేశ్వరం బ్యారేజీ దాటేద్దాం అనుకోకండి. 15 కిలోమీటర్లు, మధ్యలో ఇడ్లీ, చాలు.