బావగారి కార్డులో మీ పేరు: అమెరికాలో దెబ్బతిన్న క్రెడిట్‌ను మళ్లీ నిలబెట్టుకోవడం

అమెరికాలో క్రెడిట్ కార్డు బిల్లు గడువు దాటి 30 రోజులైతే బ్యాంకు ఆ సంగతి క్రెడిట్ బ్యూరోలకు (మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సంస్థలకు) చెప్పేస్తుంది. ఆ మచ్చ 7 ఏళ్లు పోదు. ఉద్యోగం పోయిన సమయంలో రెండు బిల్లులు తప్పినా చాలు, తర్వాత కారు లోను వడ్డీలోనూ అపార్ట్‌మెంట్ లీజులోనూ దాని ఫలితం కనిపిస్తుంది. ఇలాంటప్పుడు అన్నయ్యదో బావగారిదో పాత కార్డులో ఆథరైజ్డ్ యూజర్‌గా (బిల్లు బాధ్యత లేని అదనపు వాడకందారుగా) చేరితే కొంత ఊరట దొరుకుతుంది. అయితే మీకొచ్చేది ఆయన స్కోరు కాదు, ఆ ఒక్క కార్డు చరిత్ర. ఆయన స్కోరు 800 ఉన్నా, మిమ్మల్ని చేర్చిన కార్డు నిరుడు తీసుకున్నదైతే పెద్దగా ఒరిగేదేమీ లేదు.

ముందు మీ సొంత క్రెడిట్ రిపోర్టులు చూసుకోండి. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు బ్యూరోలవీ యాన్యువల్‌క్రెడిట్‌రిపోర్ట్ డాట్ కామ్‌లో వారానికోసారి ఉచితంగా వస్తాయి. మీది కాని అకౌంటు గానీ, కట్టేసినా బాకీ చూపిస్తున్నది గానీ ఉంటే ఆ బ్యూరోకు డిస్ప్యూట్ (తప్పుందని ఫిర్యాదు) వేయండి. బ్యూరో మామూలుగా 30 రోజుల్లో విచారించి తేల్చాలి. కలెక్షన్స్‌కు (వసూలు ఏజెన్సీకి) పోయిన బాకీ ఉంటే దాని సంగతీ చూసుకోవాల్సిందే. బావగారి కార్డు మీ పాత మచ్చల్ని చెరపదు, వాటి పక్కన ఒక మంచి అకౌంటును నిలబెడుతుంది, అంతే.

ఇక ఏ కార్డు? కనీసం నాలుగైదేళ్ల పాతది, ఒక్క లేటు కూడా లేనిది, లిమిట్ పెద్దది, ఆ లిమిట్‌లో వాడకం ఎప్పుడూ 10 శాతం దాటనిది. అడగడానికి మొహమాటంగా ఉంటుంది గానీ, ఆ కార్డు తన రిపోర్టులో ఎలా కనిపిస్తోందో ఒకసారి చూపించమనండి. ‘ఎప్పుడూ టైముకే కడతాను’ అనేవాళ్లకు కూడా మూడేళ్ల కిందటి ఒక లేటు గుర్తుండకపోవచ్చు. అదీ మీ రిపోర్టులోకి రావచ్చు. బ్యాంకుకు ఫోన్ చేసి రెండు మాటలు అడగమనండి: ఆథరైజ్డ్ యూజర్ల వివరాలు మూడు బ్యూరోలకూ పంపుతారా? అదనపు కార్డుకు ఫీజు ఉందా? మొదటిదానికి ‘లేదు’ అంటే ఆ కార్డు మనకు పనికిరాదు. కొన్ని ప్రీమియం కార్డులకు అదనపు మనిషికి ఏటా ఫీజు ఉంటుంది.

చేర్చడం ఐదు నిమిషాల పని. కార్డు ఓనరు తన ఆన్‌లైన్ అకౌంటులో మీ పేరు, పుట్టిన తేదీ, అడ్రసు, ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) ఇస్తారు. మామూలుగా మీ మీద హార్డ్ ఎంక్వైరీ (స్కోరును కాస్త తగ్గించే తనిఖీ) పడదు. మనవాళ్లకు చిక్కు వచ్చేది పేరు దగ్గర. ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనక. ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరం. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి వీసాలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు అని) పడినవాళ్ల అవస్థ చెప్పనక్కర్లేదు. సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఇవ్వండి, లేకపోతే ఆ అకౌంటు మీ ఫైలుకు అతుక్కోకపోవచ్చు. కొన్ని బ్యాంకులు ఎస్‌ఎస్‌ఎన్ అడగవు. అడగలేదని వదిలెయ్యకుండా, ఇచ్చే వీలుంటే ఇవ్వండి. పని అనుమతి లేక ఎస్‌ఎస్‌ఎన్ రాని హెచ్4 వీసా వాళ్లు, దాని బదులు ఐటిన్ (పన్నుల కోసం ఇచ్చే నంబరు) తీసుకుంటారా అని బ్యాంకును ముందే అడగాలి.

ఇప్పుడు అసలు కిటుకు. మీ సొంత కార్డు లిమిట్ 500 డాలర్లు, బాకీ 450. అంటే వాడకం 90 శాతం. బావగారి కార్డు లిమిట్ 10,000, బాకీ 300. రెండూ కలిపితే 10,500కు 750, దాదాపు 7 శాతం. లోను ఇచ్చేవాళ్లు ఎక్కువగా చూసే ఫైకో స్కోరులో బాకీల వాటా 30 శాతం కాబట్టి ఇది కనిపించే మార్పే. అయితే విడిగా ఒక్కో కార్డు వాడకాన్ని కూడా లెక్కిస్తారు గనక మీ 450ని కూడా తగ్గించుకోవాలి. వేసవి సెలవులకు బావగారు ఇంటిల్లిపాదికీ హైదరాబాద్ టికెట్లు అదే కార్డు మీద కొన్నారనుకోండి, బాకీ 7,800. కలిపితే 79 శాతం! ఆయన గడువులోపు మొత్తం కట్టేసినా సరే, బ్యూరోకు సాధారణంగా వెళ్లేది స్టేట్‌మెంట్ తయారైన రోజు బాకీయే. అందుకే డ్యూ డేటు కన్నా మూడు వారాలు ముందొచ్చే స్టేట్‌మెంట్ తేదీని గుర్తుపెట్టుకుని, దానికి రెండు మూడు రోజుల ముందే కట్టమని బతిమాలండి. ఒక నెల అలా ముందే కట్టడం కుదరకపోయినా కంగారు వద్దు, తర్వాతి స్టేట్‌మెంటుతో చాలావరకు సర్దుకుంటుంది. లేటు పేమెంట్ మాత్రం అలా సర్దుకోదు.

కార్డు మీ చేతికి రానక్కర్లేదు. ప్లాస్టిక్ ముక్క బావగారి సొరుగులో ఉన్నా మీ రిపోర్టులో చరిత్ర పడుతుంది. అసలు అదే మంచిది: మీరు గీకిన ప్రతి డాలరుకూ బ్యాంకు అడిగేది ఆయన్నే, మిమ్మల్ని కాదు. ఈ మాట మీరే ముందు చెబితే అవతలివాళ్లు ఒప్పుకోవడం తేలిక. ఇండియాలో యాడ్-ఆన్ కార్డు ఉందిగా అనుకోకండి, అక్కడ లెక్క మామూలుగా అసలు కార్డుదారు పేరు మీదే ఉంటుంది.

డబ్బు తీసుకుని ముక్కూ మొహం తెలియనివాళ్ల కార్డులో పేరు ఎక్కిస్తామనే వాళ్ల జోలికి పోవద్దు. ఫైకో కొత్త పద్ధతులు ఇలాంటి కొనుగోలు చరిత్రకు విలువ తగ్గించేలా తయారైనవి, పైగా మీ ఎస్‌ఎస్‌ఎన్ పరాయి చేతుల్లో పడుతుంది.

ఒకటి రెండు స్టేట్‌మెంట్లయ్యాక మూడు రిపోర్టులూ మళ్లీ చూడండి. క్రెడిట్ కర్మ అనే ఉచిత యాప్‌లో కనిపించేది వాంటేజ్ అనే మరో రకం స్కోరు, లోను ఇచ్చేవాళ్లు ఎక్కువగా చూసేది ఫైకో. రెండూ కలవలేదని బెంగపడొద్దు. ఈలోగా 200 డాలర్లు డిపాజిట్ పెట్టి ఒక సెక్యూర్డ్ కార్డు తెచ్చుకుని, ఫోన్ బిల్లు లాంటిది ఒక్కటి దాని మీద పెట్టి ఆటోపే చేయండి. ఇల్లు కొనేటప్పుడు బ్యాంకు అరువు చరిత్రను పక్కనపెట్టి మీ సొంత అకౌంట్లేవని అడగొచ్చు.

బావగారు ఒక బిల్లు తప్పారని తెలిస్తే ఆగకండి. బ్యాంకుకు మీరే ఫోన్ చేసి పేరు తీయించుకోవచ్చు, చాలాచోట్ల ఓనరు అనుమతి కూడా అడగరు. రెండు నెలలైనా ఆ అకౌంటు మీ రిపోర్టులోనే ఉంటే, ‘ఇందులో నేను ఆథరైజ్డ్ యూజర్ని మాత్రమే, ఇప్పుడు అదీ కాదు’ అని అది కనిపిస్తున్న ప్రతి బ్యూరోకూ విడివిడిగా డిస్ప్యూట్ వేయండి.