జూన్ 15 లోపు బోటు కత్తి ఒకసారి చూసుకోండి

సముద్రంలో చేపల వేట నిషేధం ముగిసే రోజులు దగ్గరపడ్డాయంటే రేవులో ఒకటే హడావుడి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఒడ్డునే ఉన్న బోట్లకు రంగులు పడతాయి. ఇంజన్లు విప్పి బిగిస్తారు, వలలు బాగు చేసుకుంటారు, ఐసుకీ డీజిలుకీ ఎంతవుతుందో లెక్కలు వేసుకుంటారు. ఈ మధ్య లైఫ్ జాకెట్ల గురించి కూడా అడుగుతున్నారు, సంతోషం. కత్తి సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. బయల్దేరే ముందురోజు సాయంత్రం బోటు మీద పనిచేసే ఎవరో ఒక కలాసీ కుర్రాడు మా కొట్టుకొచ్చి "అన్నా, చేపలు కొయ్యడానికి ఒక కత్తియ్యి" అంటాడు. తప్పు అక్కడే మొదలవుతుంది.

ఈ తాళ్ళూ వలల కొట్టు పెట్టకముందు నేనూ కొన్నేళ్ళు వేటకు వెళ్ళినవాణ్ణే. బోటు మీద కోసే చేపలెన్ని? కూరకు నాలుగు, గాలాలకు ఎర ముక్కలు. మిగతాదంతా ఐసులో పడి ఒడ్డుకొస్తుంది. కత్తితో అసలు అవసరం పడేది తాడు దగ్గర. వల దించుతుంటే చుట్టగా పడున్న తాడు జరజరా నీళ్ళలోకి పోతుంటుంది. ఆ చుట్టలో కాలు పడిందంటే మనిషి కూడా దాని వెంటే పోతాడు. ఒకసారి మా బోటు మీద అదే జరిగింది. కత్తేదిరా అంటే ఐసు పెట్టె వెనక, ఉల్లిపాయల సంచిలో ఉంది. బోటు నడిపే సరంగు ఇంజన్ ఆపి వెనక్కి కొట్టబట్టి ఆ కుర్రాడు చీలమండ వాపుతో బయటపడ్డాడు. అప్పట్నుంచి కత్తి కొనేవాళ్ళకు ఒకటే చెబుతున్నాను. వంజరం చేపను కాదు, తాడును తలుచుకుని కొనండి.

తాడుకొకటి, చేపకొకటి, రెండు కత్తులు ఉండాలి. తాడు కత్తికి రంపంలా పళ్ళుండాలి. తడిసిన నైలాన్ తాడు మీద నున్నటి అంచు జారిపోతుంది, పళ్ళయితే పట్టుకుని తెంపుతాయి. బ్లేడు మూడు నాలుగు అంగుళాలు చాలు. మొన మాత్రం మొద్దుగా ఉండేది చూడండి. ఇదేంటి, మొన లేని కత్తి కత్తేనా అని నవ్వుతారు మావాళ్ళు. ఊగుతున్న బోటు మీద, కంగారులో, కాలికి బిగిసిన తాడు కోస్తుంటే మొనదేలిన కత్తి ముందు పిక్కలోనే దిగుతుంది. మడత కత్తి అసలు వద్దు. ఉప్పు పట్టి బిగుసుకుపోతుంది. పైగా దాన్ని తెరవడానికి రెండు చేతులు కావాలి, సముద్రంలో ఒక చెయ్యి ఎప్పుడూ దేన్నో ఒకదాన్ని పట్టుకునే ఉంటుంది.

ఇక స్టీలు. అయస్కాంతం అంటుకుంటే అది మంచి స్టీలు కాదని మనవాళ్ళకు గట్టి నమ్మకం. గిన్నెల విషయంలో అదెలా ఉన్నా కత్తి విషయంలో తలకిందులు. గిన్నెలు చేసే 304 రకం స్టీలుకు తుప్పు అంత తొందరగా పట్టదు, అయస్కాంతమూ అంటుకోదు. కానీ వేడి చేసి చల్లార్చినా గట్టిపడదు, అందుకే దాని అంచు నిలవదు. కత్తులకు వాడే 420 లాంటి రకాలు గట్టిపడతాయి, అయస్కాంతానికి అంటుకుంటాయి. అంటుకున్నంత మాత్రాన మంచి కత్తి అనుకోవద్దు గానీ, అంటుకోనిది కొనకండి. ఇనుప కత్తికి పదును బాగా వస్తుంది, చెరువులో గాలం వేసేవాళ్ళకు అది చాలు. ఉప్పునీటిలో ఒక్క రాత్రికే ఎర్రబడుతుంది. స్టీలుదైనా ఉప్పుకు పూర్తిగా తట్టుకోదు, పని అయ్యాక మంచినీళ్ళతో కడిగి తుడవాల్సిందే.

పిడి గురించి చెప్పాలంటే నా ఎడమ అరచేతి మీద మచ్చ చూపించాలి. నున్నటి చెక్క పిడి, చేతినిండా చేప జిగురు. గట్టి ముల్లు తగిలి కత్తి ఆగింది, చెయ్యి ఆగలేదు. బ్లేడు మీదికి జారిపోయింది. గరుకుగా ఉండే ప్లాస్టిక్ పిడి, వేళ్ళు ముందుకు జారకుండా బ్లేడు మొదట్లో చిన్న అడ్డు ఉన్నదే తీసుకోండి. రంగు నారింజో పసుపో అయితే వల గుట్టలో పడినా కనిపిస్తుంది. చెక్క పిడి నీళ్ళు తాగి పగులుతుంది, ఆ పగుళ్ళలో చేప నెత్తురు చేరి కంపు కొడుతుంది.

కొట్టులో బొటనవేలు ఆనించి పదును చూసేవాళ్ళు రోజుకొకరైనా వస్తారు. కాగితం కోసి చూడండి నాయనా. మొండి కత్తి మరీ ప్రమాదం, కోయడానికి బలం పెడతాం, ఆ బలం మీదే జారుతుంది. సానరాయి మీద నీళ్ళు చల్లి మీరే పదును పెట్టుకుంటే మేలు. చక్రం మీద సాన పట్టిస్తే నిప్పురవ్వలు ఎగిరేలా పట్టనివ్వకండి. అంచు నీలంగా మారిందంటే వేడికి స్టీలు మెత్తబడిందని గుర్తు.

బిగువు మీదున్న తాడును కోసేటప్పుడు దాని దారిలో నిలబడకండి, పక్కకు రండి. తెగిన తాడు కొరడాలా వెనక్కి కొడుతుంది. ప్రొపెల్లర్‌కు వల చుట్టుకుంటే ఇంజన్ ఆపి, దాని తాళంచెవి తీసి నమ్మకమైనవాడి జేబులో పెట్టాకే మనిషి నీళ్ళలోకి దిగాలి.

చేపలతో కూడా జాగ్రత్త. జెల్ల చేపకు వీపు మీద ఒకటి, రెక్కల దగ్గర రెండు ముళ్ళుంటాయి. టేకు చేప (స్టింగ్‌రే) తోక మీది ముల్లు ఇంకా ప్రమాదం, దానికి రంపపు పళ్ళూ ఉంటాయి, విషమూ ఉంటుంది. వీటిని కత్తితో కొయ్యబోకండి, కటింగ్ ప్లయర్‌తో ముందు ముల్లు తుంచేయండి. చచ్చిన టేకు ముల్లు కూడా గుచ్చుకుంటే అంతే మంట. చేతికో కాలికో దిగితే స్టవ్వు మీద నీళ్ళు కాచి, ఓర్చుకోగలిగినంత వేడిలో, 45 డిగ్రీలు మించకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా ముంచి ఉంచాలి. వేడి సరిగ్గా ఉందో లేదో దెబ్బ తగలని చేత్తో చూడండి, నొప్పిలో తెలియక కాలిపోతుంది. ఛాతీలోనో మెడలోనో కడుపులోనో దిగితే ముల్లు పీకకుండా అలాగే ఒడ్డుకు తీసుకురండి.

కత్తికి చెయ్యి తెగితే తాగే నీళ్ళతో కడిగి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదమండి. మధ్యలో తీసి చూడొద్దు. కాఫీపొడి, పసుపు, డీజిలు ఏవీ పూయకండి. గాయం చుట్టూ ఎరుపు పాకుతున్నా, బొబ్బలు లేచినా, జ్వరమొచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి. సముద్రంలో తగిలిన దెబ్బ అని డాక్టరుకు చెప్పడం మర్చిపోవద్దు, మందు దాన్నిబట్టి ఇస్తారు. షుగరు, లివర్ జబ్బు ఉన్నవాళ్ళకు ఉప్పునీటి బాక్టీరియాతో ప్రాణం మీదికి వస్తుంది. టెటనస్ ఇంజెక్షన్ వేయించుకుని ఐదేళ్ళు దాటిందేమో ఇప్పుడే, ఒడ్డున ఉండగానే చూసుకోండి.

తాడు కత్తి ఎక్కడ పెడతారన్నది చివర్న చెబుతున్నాను గానీ నిజానికి ముందు చూడాల్సింది అదే. వల దిగే చోట, నడుము ఎత్తులో, గట్టి ప్లాస్టిక్ ఒరను చెక్కకు స్క్రూలతో బిగించండి. ఒర అడుగున నీళ్ళు కారిపోవడానికి చిన్న కన్నం ఉండాలి. తోలు ఒరలో ఉప్పు నిలిచిపోతుంది. ఆ కత్తితో ఉల్లిపాయలు కోయనివ్వకండి, మామిడికాయ కూడా. గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి బయల్దేరే ముందు, లైట్లన్నీ ఆపేసి, కొత్తగా ఎక్కిన కుర్రాడితో సహా ఒక్కొక్కరినీ నిలబెట్టి చీకట్లో కత్తి తీయించండి. ఎవరి చెయ్యి తడుముకుంటే వాళ్ళతో మళ్ళీ తీయించండి.