ఫెలనీ కేసులో శిక్ష పడ్డ మనిషి ఇంటికొస్తున్నాడా? ముందు తుపాకీ సంగతి చూడండి

అమెరికాలో ఫెలనీ (అంటే పెద్ద నేరం) కేసులో శిక్ష పడ్డవాళ్లు తుపాకీ, తూటాలు దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం (దేశమంతటికీ వర్తించే కేంద్ర చట్టం) కింద నిషేధం. అలాంటి బంధువో రూమ్మేటో మీ ఇంట్లో దిగబోతుంటే, అతను రాకముందే చూసుకోవాల్సినవి:

– మీ తుపాకీ దాచే సేఫ్ తాళం, కోడ్ అతనికి అందకూడదు. "తుపాకీ నా పేరు మీదే ఉంది కదా" అన్న ధీమా పనికిరాదు. అతను ముట్టుకోకపోయినా, అది ఉందని తెలిసి, తన అదుపులో పెట్టుకునే వీలూ ఉద్దేశమూ ఉన్నాయని రుజువైతే చాలు, అతని దగ్గర ఉన్నట్టే లెక్క. ఫెడరల్ చట్టం కింద 2022 నుంచి గరిష్ఠంగా 15 ఏళ్ల జైలు. తాళంచెవి వంటగదిలో మేకుకి వేలాడుతుంటే ఇక సేఫ్ ఎందుకు?

– అతని పెరోల్ (జైలు నుంచి షరతులతో ముందే విడుదల), ప్రొబేషన్ (జైలుకి బదులు షరతులతో బయట ఉండనివ్వడం) కాగితాలు చదవండి. ఇంట్లో ఆయుధమే ఉండకూడదని షరతు ఉండొచ్చు, అధికారులు సోదాకీ రావచ్చు. నన్నడిగితే తుపాకీని ఇల్లు దాటించడమే మేలు.

– తూటాలు మరవద్దు. సొరుగులో మిగిలిన ఒక్కదానికీ అదే చట్టం.

– సరదాకైనా షూటింగ్ రేంజ్‌లో (కాల్పులు సాధన చేసే చోట) వాడుకోమని అతనికి తుపాకీ ఇవ్వొద్దు. తెలిసి ఇస్తే కేసు మీ మీదకీ వస్తుంది.

– "జైలుకే వెళ్లలేదుగా" అనుకోవద్దు. ఏడాదికి మించి శిక్ష వేయదగ్గ నేరమా అన్నదే సాధారణంగా చూస్తారు. ప్రొబేషన్‌తో బయటపడినా నిషేధం ఉండొచ్చు.

– "నీ దగ్గర దాచు" అని మీ తుపాకీని హెచ్-1బి, ఎఫ్-1 వీసా మీదున్న మనవాళ్లకి ఇవ్వొద్దు. హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు తప్ప వాళ్లకీ నిషేధమే.

– రాష్ట్ర చట్టం ఇంకా కఠినంగా ఉండొచ్చు. అక్కడి క్రిమినల్ లాయర్‌ని ముందే అడగండి.